హిమోఫీలియా: మోకాలికి ఒక లెక్క, తలకి ఇంకో లెక్క

హిమోఫీలియా, అంటే రక్తం సరిగ్గా గడ్డకట్టని జబ్బు, ఉన్న పిల్లల తల్లిదండ్రులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "పోయిన నెల మోకాలు వాస్తే రెండు సీసాలు ఎక్కించి ఇంటికి పంపేశారు. ఈసారి తలకి చిన్న దెబ్బే కదా, బొప్పి కూడా కట్టలేదు. మరి వారం రోజులు ఆసుపత్రిలో ఉంచి పూటపూటకీ ఎక్కించడం ఎందుకు?" పిల్లాడు అతనే, జబ్బు అదే, మందు అదే. లెక్క మాత్రం ఇంత మారిపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది. దీనికి తోడు చర్మం కింద వేసే ఎమిసిజుమాబ్ ఇంజెక్షన్ వాడకం పెరిగినప్పటి నుంచి "ఇక ఫ్యాక్టర్‌తో (ఆ సీసాల్లోని గడ్డకట్టించే మందుతో) పనిలేదట" అనే మాట కూడా వినిపిస్తోంది. అది సగమే నిజం. మిగతా సగం అర్థం కావాలంటే రక్తం ఎంత పోయిందన్నది పక్కనపెట్టి, అది ఎక్కడ చేరుతోందో చూడాలి.

## గడ్డకట్టడంలో తేడా ఎక్కడ వస్తుంది

రక్తనాళం తెగగానే ముందుగా ప్లేట్‌లెట్లు వచ్చి ఆ చోట పేరుకుంటాయి. తర్వాత ఫ్యాక్టర్లు అనే ప్రోటీన్లు ఒకదాని తర్వాత ఒకటి మేల్కొని, చివరికి ఫైబ్రిన్ అనే పోగుల వలని అల్లుతాయి. చెరువు కట్టకి గండి పడితే ముందు ఇసుక బస్తాలు పడేసి, ఆ తర్వాత మట్టి కొట్టి గట్టి చేస్తారే, అలాంటి పనే ఇది. హిమోఫీలియాలో బస్తాలకి కొదవ లేదు, లోటంతా మట్టి దగ్గరే. అందుకే గడ్డం గీసుకుంటుంటే పడ్డ చిన్న గాటు మామూలుగానే ఆగిపోవచ్చు. పన్ను పీకించుకున్న చోట మాత్రం సాయంత్రానికి ఆగినట్టే ఆగి, అర్ధరాత్రి మళ్ళీ మొదలవుతుంది. ఈ జబ్బులో రక్తం అందరికంటే వేగంగా ఏమీ కారదు. ఎక్కువసేపు కారుతుంది.

ఫ్యాక్టర్ 8 లోపిస్తే హిమోఫీలియా ఎ, ఫ్యాక్టర్ 9 లోపిస్తే హిమోఫీలియా బి. ఎ రకం సుమారు 5,000 మగశిశువుల్లో ఒకరికి వస్తుంది, బి రకం ఇంకా అరుదు. దాదాపు మూడోవంతు కేసుల్లో కుటుంబంలో అంతకుముందు ఎవరికీ ఈ జబ్బు ఉన్న దాఖలా ఉండదు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ రక్తంలో ఈ ఫ్యాక్టర్ 50 నుంచి 150 శాతం దాకా ఉంటుంది. 1 శాతం కంటే తక్కువుంటే తీవ్రమైన హిమోఫీలియా, 1 నుంచి 5 దాకా మధ్యస్థం, 5 నుంచి 40 దాకా స్వల్పం. తీవ్రంగా ఉన్నవాళ్ళకి దెబ్బేమీ తగలకపోయినా కీళ్ళలోనో కండల్లోనో రక్తం కారొచ్చు. స్వల్పంగా ఉన్నవాళ్ళకైతే ఏ ఆపరేషనో అయ్యేదాకా జబ్బు ఉన్న సంగతే తెలియకపోవచ్చు.

## యూనిట్లు ఎలా లెక్కవేస్తారు

కిలో బరువుకి ఒక యూనిట్ చొప్పున ఫ్యాక్టర్ 8 ఎక్కిస్తే రక్తంలో దాని స్థాయి సుమారు 2 శాతం పెరుగుతుంది. ఫ్యాక్టర్ 9 అయితే సుమారు 1 శాతమే. డాక్టర్లు కాగితం మీద వేసే లెక్కంతా దీని మీదే నడుస్తుంది.

30 కిలోల బాబుకి తీవ్రమైన హిమోఫీలియా ఎ ఉందనుకుందాం. మోకాలిలో రక్తం చేరింది, స్థాయిని 40 శాతానికి తేవాలి. 30ని 40తో గుణించి సగం చేస్తే 600 యూనిట్లు. సీసాలు 250, 500, 1,000 యూనిట్లలో దొరుకుతాయి కాబట్టి ఒక 500, ఒక 250 కలిపి ఎక్కిస్తారు. ఇంత ఖరీదైన మందులో మిగిలినది ఎవరూ పారబోయరు. అదే బాబుకి హిమోఫీలియా బి ఉంటే సగం చేయడం ఉండదు, 1,200 యూనిట్లు కావాలి.

ఇప్పుడు అదే బాబు తలకి దెబ్బ తగిలింది. స్థాయి 100 శాతానికి చేరాలి, అంటే 1,500 యూనిట్లు. అయితే ఎక్కించిన ఫ్యాక్టర్ 8 ఎనిమిది నుంచి పన్నెండు గంటల్లో సగానికి పడిపోతుంది. కాబట్టి ప్రతి 12 గంటలకీ మరో 750 యూనిట్లు ఇస్తూపోవాలి. ఇలా వారం గడిచేసరికి మొదటి మోతాదుతో కలిపి 11,250 యూనిట్లు అవుతాయి. మోకాలికి ఒక్క మోతాదుతో సరిపోయిన 600తో పోలిస్తే ఇది దాదాపు 19 రెట్లు. నిజంగా చికిత్స చేసేటప్పుడు మధ్యమధ్య రక్తపరీక్ష చేసి మోతాదులు సరిచేస్తారు కాబట్టి ఇది మోటు లెక్కే. అయినా బిల్లు అంత తేడాగా ఎందుకొస్తుందో దీంతో తెలుస్తుంది.

## కీలులో చేరిన రక్తం: వాపు తగ్గినా ముగియని కథ

హిమోఫీలియాలో వచ్చే రక్తస్రావాల్లో 70 నుంచి 80 శాతం కీళ్ళలోనే అవుతాయి. మోకాలు, చీలమండ, మోచెయ్యి ఎక్కువగా దెబ్బతింటాయి. అలవాటుపడ్డవాళ్ళు వాపు కనిపించకముందే గుర్తుపడతారు. కీలులో ఏదో జివ్వుమన్నట్టు, బిగిసినట్టు అనిపిస్తుంది. ఫ్యాక్టర్ బాగా పనిచేసేది అప్పుడే. వీలైతే రెండు గంటల్లోపే ఎక్కించాలని నిపుణులు చెప్పేది ఇందుకే. మోకాలు ఉబ్బి కాలు చాచలేని స్థితికి వచ్చిందంటే లోపల అప్పటికే చాలా రక్తం చేరిపోయింది.

కీలు రక్తస్రావం ప్రాణం తీయదు, అందుకే దాన్ని తేలిగ్గా తీసుకుంటారు. కానీ లోపల చేరిన రక్తంలోని ఇనుము కీలు లోపలి పొరని రెచ్చగొడుతుంది. ఆ పొర ఉబ్బి, అందులో కొత్త రక్తనాళాలు పుడతాయి. అవి సున్నితమైనవి, కొద్దిపాటి కదలికకే చిట్లుతాయి. దాంతో మళ్ళీ రక్తం, మళ్ళీ వాపు. ఆరు నెలల్లో ఒకే కీలులో దానంతట అదే మూడు సార్లు, అంతకంటే ఎక్కువ రక్తం కారితే దాన్ని టార్గెట్ జాయింట్ అంటారు. ఏళ్ళ తరబడి ఇలా జరిగితే మృదులాస్థి అరిగిపోయి, పాతికేళ్ళకే ముసలివాళ్ళ మోకాళ్ళు వస్తాయి. పిల్లాడు వాపు తగ్గగానే నడిచాడు కదా అని ఊరుకుంటే, ఆ ఫలితం పదేళ్ళ తర్వాత కనిపిస్తుంది.

విశ్రాంతి, కాలు ఎత్తులో పెట్టడం, గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు ఉంచడం ఫ్యాక్టర్‌కి తోడుగా చేసేవి. ఐసు విషయంలో వైద్యుల్లోనే రెండు మాటలున్నాయి. నొప్పి తగ్గుతుందన్నది ఇద్దరూ ఒప్పుకుంటారు. చల్లదనం గడ్డకట్టడాన్ని ఇంకా నెమ్మది చేస్తుందేమో అన్న అనుమానం మాత్రం ఈమధ్య బలపడింది. అందుకే ఒకసారికి 15, 20 నిమిషాలు దాటనివ్వరు. నొప్పి బిళ్ళల దగ్గర మాత్రం తగాదా లేదు. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ ప్లేట్‌లెట్ల పనినీ చెడగొడతాయి. అంటే ఉన్న ఒక్క బలం కూడా పోతుంది. పారాసిటమాల్‌తోనే సరిపెట్టుకుంటారు.

## కండలో కారితే అపెండిసైటిస్ అనుకోవచ్చు

చేతి మీదో కాలి మీదో పైపై కండల్లో కారితే చికిత్స కీళ్ళకి చేసినట్టే ఉంటుంది. ఇబ్బంది పెట్టేవి రెండు చోట్లు. మొదటిది ముంజేయి, పిక్క. ఇక్కడ కండలు బిగుతైన పొరల మధ్య ఉంటాయి. రక్తం చేరితే సాగడానికి చోటుండదు, లోపలి ఒత్తిడికి నరాలు, రక్తనాళాలు నలిగిపోతాయి. వేళ్ళు తిమ్మిరెక్కడం, వాపుకి మించిన నొప్పి రావడం దీని గుర్తులు. ఆలస్యమైతే చెయ్యి శాశ్వతంగా ముడుచుకుపోవచ్చు.

రెండోది ఇలియోప్సోస్. ఇది నడుము లోపలి నుంచి తొడ పైభాగం దాకా వచ్చే పెద్ద కండ. ఇందులో రక్తం కారితే బయట ఏమీ కనిపించదు. పొత్తికడుపులోనో గజ్జలోనో నొప్పి వస్తుంది, కాలు చాపలేక తొంటి దగ్గర ముడుచుకుని పడుకుంటారు, తొడ ముందుభాగం మొద్దుబారినట్టు ఉంటుంది. కుడివైపు వస్తే అచ్చం అపెండిసైటిస్‌లాగే ఉంటుంది. జబ్బు సంగతి చెప్పకపోతే ఆపరేషన్ బల్ల దాకా వెళ్ళే ప్రమాదం ఉంది. ఆ కండలో లీటర్ల కొద్దీ రక్తం పట్టేంత చోటుంది. అందుకే ఇక్కడ లక్ష్యం 40 శాతం చాలదు, హిమోఫీలియా ఎ అయితే 80 నుంచి 100 దాకా తెస్తారు. నొప్పి తగ్గాక కూడా ఫిజియోథెరపీ పూర్తయ్యేదాకా తక్కువ మోతాదుల్లో ఫ్యాక్టర్ ఇస్తుంటారు. లేచి తిరగడం తొందరపడి మొదలుపెడితే అదే చోట మళ్ళీ కారడం మామూలు.

## నోటికి పనికొచ్చే మందు మూత్రపిండానికి చేటు

లాలాజలంలో గడ్డని కరిగించే గుణం ఉంది. నాలుక కొరుక్కున్నా, పాలపళ్ళు ఊడినా నోట్లో రక్తం మళ్ళీ మళ్ళీ మొదలవడానికి అదే కారణం. ట్రానెక్సామిక్ యాసిడ్ ఆ కరగడాన్ని అడ్డుకుంటుంది. బిళ్ళగా ఇస్తారు, నీళ్ళలో కలిపి పుక్కిలించమనీ చెబుతారు. చాలాసార్లు దీంతోనే పని అయిపోయి ఫ్యాక్టర్ అవసరమే పడదు. ముక్కు నుంచి రక్తం కారినప్పుడు తల వెనక్కి వాల్చడం మన ఇళ్ళలో పాత అలవాటు. అలా చేస్తే రక్తం గొంతులోకి పోతుంది తప్ప ఆగదు. తల ముందుకి వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని 10 నుంచి 20 నిమిషాలు వదలకుండా నొక్కిపట్టడమే సరైన పద్ధతి.

మూత్రంలో రక్తం కనిపిస్తే ఇదే మందు ఎదురు తిరుగుతుంది. మూత్రనాళంలో కట్టిన గడ్డ కరగకుండా ఉండిపోతే దారి మూసుకుపోయి మూత్రపిండం దెబ్బతింటుంది. కాబట్టి ఇక్కడ నీళ్ళు బాగా తాగించి, మంచం మీద విశ్రాంతిగా ఉంచడం మొదటి మెట్టు. నొప్పి ఉన్నా, ఎంతకీ ఆగకపోయినా ఫ్యాక్టర్ ఇస్తారు. చూడ్డానికి ఎర్రగా భయపెట్టే ఈ రక్తస్రావం చాలాసార్లు తలలో కనిపించకుండా జరిగేదానికంటే నెమ్మదిగా చూసుకోదగ్గది.

## తల, మెడ, పొట్ట: ముందు ఫ్యాక్టర్, తర్వాతే స్కాన్

మిగతా రోగుల్లో తలకి దెబ్బ తగిలితే స్కాన్ తీస్తారు, రిపోర్టు చూసి చికిత్స మొదలుపెడతారు. హిమోఫీలియాలో ఈ వరస తిరగబడుతుంది. మెదడు చుట్టూ గట్టి ఎముక. చుక్కచుక్కగా చేరే రక్తానికి చోటు దొరక్క మెదడే నలుగుతుంది. లక్షణాలు గంటల తర్వాతో, ఒక్కోసారి రోజుల తర్వాతో బయటపడతాయి. స్కాన్ క్యూలో పోయే రెండు గంటలు ఇక్కడ ఖరీదైనవి. అందుకే ఫ్యాక్టర్ ఎక్కించాకే స్కాన్‌కి తీసుకెళ్ళాలన్నది ప్రపంచవ్యాప్తంగా ఒప్పుకున్న పద్ధతి. రక్తస్రావం ఉందని తేలితే మొదటి వారం 80 నుంచి 100 శాతం, ఆ తర్వాత మూడో వారం దాకా 50 శాతం దగ్గర నిలబెడతారు.

గొంతు, మెడ వాపు ఊపిరిదారిని మూసేయగలదు. పొట్టలో కారితే తారులాంటి నల్లటి విరేచనాలు, కాఫీ పొడి రంగు వాంతులు అవుతాయి. ఇవన్నీ అత్యవసరాలే.

## ఫ్యాక్టర్ దొరకని ఊళ్ళో క్రయో, ప్లాస్మా

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో హిమోఫీలియాని వైకల్యాల జాబితాలో చేర్చారు. రాష్ట్రాలు ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా ఫ్యాక్టర్ సరఫరా కూడా చేస్తున్నాయి. అయినా అన్ని చోట్లా, అన్ని వేళలా స్టాక్ ఉండదు. అప్పుడు మిగిలేవి దాతల రక్తం నుంచి తీసే క్రయోప్రెసిపిటేట్ (క్రయో), ప్లాస్మా.

క్రయో తయారీని 1960ల మధ్యలో అమెరికా శాస్త్రవేత్త జుడిత్ గ్రాహం పూల్ కనిపెట్టారు. ఒక సంచిలో సుమారు 80 యూనిట్ల ఫ్యాక్టర్ 8 ఉంటుంది. మన 30 కిలోల బాబు మోకాలికి కావలసిన 600 యూనిట్లకి ఏడెనిమిది సంచులు, అంటే ఏడెనిమిది మంది దాతలు. అయితే క్రయోలో ఫ్యాక్టర్ 9 ఉండదు. హిమోఫీలియా బి ఉన్న పిల్లాడికి ఎన్ని సంచులు ఎక్కించినా ఉపయోగం లేదు. అతనికి ప్లాస్మానే గతి. ప్లాస్మాలో మిల్లీలీటరుకి ఒక యూనిట్ చొప్పున చూసినా 1,200 మిల్లీలీటర్లు కావాలి. 30 కిలోల ఒంటికి ఒకేసారి అంత ఎక్కిస్తే గుండె మీద భారం పడుతుంది. ఫైలు మీద "హిమోఫీలియా" అని మాత్రమే రాసి, ఎ, బి రాయకపోతే వచ్చే చిక్కు ఇదే.

ఈ రెండింటిలోనూ సాధారణంగా వైరస్‌లని చంపే ప్రక్రియ ఉండదు. 1980ల్లో కలుషితమైన రక్త ఉత్పత్తుల వల్ల ఎన్నో దేశాల్లో హిమోఫీలియా రోగులు వేల సంఖ్యలో హెచ్ఐవీ, హెపటైటిస్ సి బారిన పడ్డారు. ఈనాటి పరీక్షలతో ఆ ప్రమాదం బాగా తగ్గింది గానీ, సున్నా కాలేదు.

## ఎప్పటి మోతాదే, ఈసారి పనిచేయలేదు

బయటి నుంచి వచ్చే ఫ్యాక్టర్‌ని కొందరి శరీరం శత్రువనుకుని దానిమీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. వీటినే ఇన్హిబిటర్లు అంటారు. తీవ్రమైన హిమోఫీలియా ఎలో సుమారు 30 శాతం మందికి ఇవి వస్తాయి, బిలో చాలా తక్కువ. బయటికి కనిపించే గుర్తు ఒక్కటే: ఎప్పుడూ ఆగే మోతాదుకి ఈసారి ఆగదు. "మందు నకిలీదేమో" అని అనుమానించే ముందు ఇన్హిబిటర్ పరీక్ష చేయించడం మేలు. ఫలితాన్ని బెథెస్డా యూనిట్లలో చెబుతారు. 5 లోపుంటే ఎక్కువ మోతాదు ఫ్యాక్టర్‌తో నెగ్గుకురావచ్చు. అది దాటితే ఫ్యాక్టర్ 8ని పక్కనపెట్టి వేరే దారిలో గడ్డకట్టించే మందులు వాడాలి. వాటిలో ఒకటి ఫ్యాక్టర్ 7ఎ, రెండోది ఫీబా పేరుతో దొరికే మందు. 7ఎని కిలోకి 90 మైక్రోగ్రాముల చొప్పున రెండు మూడు గంటలకోసారి ఇవ్వాలి. ఖర్చు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

## ఎమిసిజుమాబ్ ఆపే రక్తం, ఆపలేని రక్తం

2017లో అమెరికాలో అనుమతి పొందిన ఎమిసిజుమాబ్ ఈ చిత్రాన్నంతా మార్చింది. ఇది ఫ్యాక్టర్ 8 కాదు, అది చేయాల్సిన పనిని చేసిపెట్టే యాంటీబాడీ. ఇన్హిబిటర్ ఉన్నా పనిచేస్తుంది. నరం వెతకనక్కర్లేదు, చర్మం కింద వారానికో, రెండు వారాలకో, నాలుగు వారాలకో ఒకసారి వేస్తే చాలు. మూడేళ్ళ పిల్లాడి చేతికి నరం దొరక్క నాలుగుచోట్ల గుచ్చడం చూసిన తల్లికి ఇదెంత పెద్ద మార్పో వేరే చెప్పాలా.

కానీ దీనివల్ల వచ్చే రక్షణ సుమారు 10, 15 శాతం ఫ్యాక్టర్ ఉన్నవాళ్ళకి ఉండేంత అని అంచనా. అంటే తీవ్రమైన జబ్బు స్వల్పమైన జబ్బులా మారుతుంది. కారణం లేకుండా మోకాలు వాచడం ఆగిపోవచ్చు. బైకు మీద నుంచి పడితే, ఆపరేషన్ చేయాల్సివస్తే, తలకి దెబ్బ తగిలితే పైన చెప్పిన 80, 100 శాతం లెక్కే మళ్ళీ ముందుకొస్తుంది, ఫ్యాక్టర్ ఎక్కించాల్సిందే. ఇది రాకుండా చూసే మందు, కారుతున్నప్పుడు ఆపే మందు కాదు. హిమోఫీలియా బిలో అసలు పనికిరాదు.

కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఇంకో చిక్కు. రక్తం గడ్డకట్టడానికి ఎంతసేపు పడుతుందో చూసేందుకు మామూలుగా చేసే ఏపీటీటీ పరీక్ష ఈ మందు మీద ఉన్నవాళ్ళలో అంతా బాగున్నట్టే చూపిస్తుంది. ఆ రిపోర్టు నమ్మి కత్తి పట్టుకుంటే ప్రమాదం. ఇన్హిబిటర్ ఉన్నవాళ్ళకి ఎమిసిజుమాబ్‌తో పాటు ఫీబా ఎక్కువ మోతాదులో ఇస్తే చిన్న రక్తనాళాల్లో గడ్డలు కట్టిన సందర్భాలు పరీక్షల దశలోనే బయటపడ్డాయి. అందుకే అలాంటివాళ్ళకి 7ఎ వైపే మొగ్గుతారు.

## తక్కువ మోతాదు న్యాయమా, రాజీనా

ప్రపంచ హిమోఫీలియా సమాఖ్య 2020 మార్గదర్శకాల్లో ఒక్కో రక్తస్రావానికి రెండేసి లక్ష్యాలు కనిపిస్తాయి. మోకాలికి వనరులున్న దేశాల్లో 40 నుంచి 60 శాతం, లేనిచోట్ల హిమోఫీలియా ఎలో 10 నుంచి 20 శాతం. ఉన్న కొద్దిపాటి మందునే పదిమందికి పంచాలంటే ఇదే దారి అని ఒక వాదన. తక్కువ మోతాదు వెంటనే ఇస్తే, ఎక్కువ మోతాదు ఆలస్యంగా ఇచ్చినదానికంటే మేలన్నది అనుభవజ్ఞుల మాట కూడా. పేదదేశాల పిల్లల కీళ్ళు వేరేగా ఏమీ పుట్టలేదు, రాజీనే ప్రమాణమని రాసిపెట్టడం తగదు అన్నది రెండో వాదన. రెంటికీ బలముంది.

నాకు మాత్రం అసలు ప్రశ్న కారాక ఎంత ఇవ్వాలన్నదాని కంటే, కారకముందే ఇవ్వాలా అన్నదే అనిపిస్తుంది. 2007లో అమెరికాలో 65 మంది అబ్బాయిల మీద చేసిన అధ్యయనం ఫలితాలొచ్చాయి. కొందరికి రోజు విడిచి రోజు ముందుజాగ్రత్తగా ఫ్యాక్టర్ ఇచ్చారు, మిగతావాళ్ళకి రక్తం కారినప్పుడు మాత్రమే, అదీ మంచి మోతాదులోనే ఇచ్చారు. ఆరేళ్ళ వయసులో ఎంఆర్ఐ తీస్తే మొదటి జట్టులో 93 శాతం మంది కీళ్ళు బాగున్నాయి, రెండో జట్టులో 55 శాతమే. మన దగ్గర కిలోకి 10, 15 యూనిట్ల చొప్పున వారానికి రెండు మూడు సార్లు ఇచ్చే తక్కువ మోతాదు ప్రొఫిలాక్సిస్ (ముందుజాగ్రత్త చికిత్స) ఈ రెంటికీ మధ్య దారి. పూర్తి రక్షణ కాదు గానీ, కారాక పరుగెత్తడం కంటే నయం.

## ఆడవాళ్ళకి రాదన్న మాట గురించి

ఈ జబ్బు జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లాడికి ఆ క్రోమోజోమ్ తల్లి నుంచే వస్తుంది కాబట్టి, ఇది మేనరికం వల్ల వచ్చిందని కోడలినో అల్లుడినో అనడం అర్థం లేని మాట. ఒక మినహాయింపు ఉంది. హిమోఫీలియా ఉన్న మేనమామ అక్క కూతుర్ని చేసుకుంటే, ఆ అమ్మాయి క్యారియర్ (జబ్బు జన్యువుని మోసే మనిషి) అయ్యే అవకాశం సుమారు నాలుగోవంతు ఉంటుంది. ఆమె క్యారియరే అయితే వాళ్ళకి పుట్టే ప్రతి ఆడపిల్లకీ జబ్బు వచ్చే అవకాశం సగం.

అలా కాకపోయినా, క్యారియర్లు కొందరిలో ఫ్యాక్టర్ 40 శాతం కంటే తక్కువ ఉంటుంది. నెలసరిలో రోజుల తరబడి ఎక్కువ రక్తం పోతున్నా "మా ఇంట్లో ఆడవాళ్ళందరికీ ఇంతే" అని సరిపెట్టుకుంటారు. ఆ "అందరికీ ఇంతే" అన్నదాంట్లోనే డాక్టరుకి కావలసిన సమాచారం ఉంది. గర్భంతో ఉన్నప్పుడు ఫ్యాక్టర్ 8 దానంతటదే పెరుగుతుంది, ఫ్యాక్టర్ 9 పెద్దగా పెరగదు. కాన్పు అయ్యాక పెరిగిన 8 కూడా పాత స్థాయికి దిగిపోతుంది. అందుకే చివరి మూడు నెలల్లో ఒకసారి స్థాయి చూస్తారు. కాన్పు గదిలో అంతా సవ్యంగా జరిగిన తల్లికి కూడా, పుట్టింటికి చేరాక రెండో వారంలోనో మూడో వారంలోనో రక్తస్రావం పెరగొచ్చు. అప్పుడు ఎక్కించేది కూడా అవే యూనిట్లు, వేసేది కూడా బరువుని బట్టి అదే లెక్క.